పెరుగు రాయైంది, తప్పు సెన్సార్‌ది

మే రెండో వారం. పొద్దున ఏడు కాకముందే వంటింట్లోంచి అమ్మ కేక. "ఏందిరా ఇది, సల్ల చేద్దామంటే పెరుగు కవ్వానికి లొంగుతలేదు."

వెళ్లి చూశాను. గిన్నెలో పైనంతా తెల్లటి పలక కట్టింది. స్పూన్‌తో కొడితే టంగుమని మోగింది. కింది డబ్బాలోంచి టమాటలు తీసి సింక్‌లో వేస్తే గోళీల్లా దొర్లాయి. కొత్తిమీర కట్ట చూడ్డానికి పచ్చగానే ఉంది కానీ, బయట పెట్టిన పది నిమిషాలకే నల్లబడి ముద్దయిపోయింది. ఫ్రీజర్‌లో జరగాల్సిందంతా కింది అరల్లో జరుగుతోంది.

మాది హనుమకొండలో, వడ్డేపల్లి వైపు. ఫ్రిజ్ కొని మూడున్నరేళ్లు. రెండు తలుపులది, ఇన్వర్టర్ కంప్రెసర్, మంచు దానంతటదే కరిగే రకం. తలుపు మీద చిన్న డిస్‌ప్లే ఉంటుంది. అందులో ఎప్పుడు చూసినా 3 అని మెరుస్తుంటుంది. ఆ 3ను చూసి నేను చాలా రోజులు మోసపోయాను. అది లోపలి చల్లదనం అనుకున్నాను. అది ఎన్ని డిగ్రీలు కావాలని మనం పెట్టామో ఆ సెట్టింగ్ మాత్రమే. లోపల నిజంగా ఎంత ఉందో మా డిస్‌ప్లే చెప్పదు.

ఈ బాధ చెప్పుకుంటే జాలిపడే వాళ్లు కూడా దొరకరు. పక్కింటి అక్కకు చెప్తే, "మా ఫ్రిజ్ చల్లగైతలేదని మేం ఏడుస్తుంటే, నీది ఎక్కువ చల్లగైతున్నదని నీకు బాధనా తమ్మీ?" అని నవ్వింది. గ్యాస్ అయిపోయి ఉంటుందని సలహా కూడా ఇచ్చింది. ఫ్రిజ్‌కు ఏమొచ్చినా మన దగ్గర మొదట వినిపించే మాట గ్యాసే. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గాలి కదా, మాకేమో టమాటలు రాళ్లవుతున్నాయి.

సెట్టింగ్ 3 నుంచి 5కు, తర్వాత 7కు మార్చి చూశాను. కొంచెం తగ్గినట్టే అనిపించి, రెండో రోజుకు మళ్లీ అదే పరిస్థితి. వెనక గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా గిన్నెలు పెట్టామేమో అని అన్నీ ముందుకు జరిపాను. అదీ పనిచేయలేదు. కరెంటు బిల్లు పోయినేడు మే కంటే 50 యూనిట్లు ఎక్కువే వచ్చింది. అదంతా ఫ్రిజ్ మీద వేయలేను, కూలర్ కూడా రాత్రంతా తిరుగుతోంది.

మెకానిక్‌ను పిలిచాను. కుర్రాడు, చేతిలో పని ఉన్నవాడే. వచ్చీ రాగానే ప్లగ్ తీసి, కింది అర గోడకున్న చిన్న జాలీ మూత ఊడదీసి, దాని వెనక నుంచి రెండు తీగలున్న చిన్న మొగ్గలాంటిదాన్ని బయటికి లాగాడు. "ఇదే అన్నా సెన్సార్." కనెక్టర్ పీకి, మీటర్ పెట్టి చూశాడు. రెసిస్టెన్స్, అంటే కరెంటుకు ఉండే అడ్డు, ఐదున్నర కిలో ఓమ్‌ల దగ్గర చూపించింది. "ఓపెన్ కాలే, షార్ట్ కాలే, సెన్సార్ మంచిగనే ఉంది. కార్డు పోయింది" అన్నాడు. కార్డంటే ఫ్రిజ్‌ను నడిపించే సర్క్యూట్ బోర్డు. దానికి 4,500, ఫిట్టింగ్‌కు 500, తెప్పించడానికి వారం. అన్నీ మళ్లీ బిగించి వెళ్లిపోయాడు.

సరేనన్నాను గానీ మనసు ఒప్పలేదు. కార్డు పోతే ఇంత పద్ధతిగా, రోజూ ఒకేలా తప్పు చేస్తుందా?

నేను ఎప్పుడో ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాను. ఆ చదువు ఏనుమాముల మార్కెట్‌లో గుమస్తాగా చిట్టాలు రాయడానికి ఏ మాత్రం పనికి రాలేదు. అయినా మీటర్ మాత్రం అటక మీద ఉంది. మార్కెట్ చుట్టుపక్కల మిర్చి నిల్వ పెట్టే కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి. అందులో ఒకదాంట్లో మా బావ మెషిన్ ఆపరేటర్. సాయంత్రం చాయ్ దగ్గర విషయమంతా చెప్పాను.

"సెన్సార్‌ను ఎక్కడ పెట్టి చూసిండు?" అన్నాడు బావ.

"చేతిలో పట్టుకొని. ఇంకెక్కడ?"

"మీ ఇంట్ల ఇప్పుడు ఎంత ఎండ? 36 ఉంటదా? చలిల పనిచేసేదాన్ని ఎండల చూస్తే ఏం తెలుస్తది బామ్మర్దీ! ఐసుల పెట్టి చూడు."

వాళ్ల దగ్గర గదుల్లో వేలాడదీసే ప్రోబులు, అంటే చలిని కొలిచే సెన్సార్లు, సరిగ్గా చూపిస్తున్నాయో లేదో ఇలాగే సరిచూస్తారట. ఐసు, నీళ్లు కలిసి ఉన్నంతసేపు ఆ నీళ్లు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తాయి. ఎవరింట్లోనైనా పైసా ఖర్చు లేకుండా దొరికే కొలత అది.

ముందు ఫ్రిజ్ లోపల నిజంగా ఎంతుందో తెలుసుకోవాలనిపించింది. తీగతో ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. ఉత్తి గాలిలో వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగురుతుంది. అందుకని చిన్న సీసాలో ఉప్పునీళ్లు పోసి, అందులో తీగ ముంచి, మధ్య అరలో పెట్టాను. మామూలు నీళ్లయితే గడ్డకట్టి సున్నా దగ్గరే ఆగుతాయని ఉప్పు కలిపాను. తెల్లారి చూస్తే మైనస్ 3. ఉండాల్సింది 3 నుంచి 5 లోపు. ఫ్రీజర్ మాత్రం మైనస్ 18 దగ్గర బుద్ధిగానే ఉంది. అంటే మెషిన్‌కు చల్లబరిచే శక్తి బాగానే ఉంది, ఆపమని చెప్పేవాళ్లే లేరు.

ఇలాంటి ఫ్రిజ్‌లో చలి పుట్టేది ఫ్రీజర్ వెనకే. అక్కడి గాలిని ఫ్యాన్ కిందికి తోస్తుంది. దారిలో డ్యాంపర్ అని చిన్న రెక్క ఉంటుంది. కింద చల్లదనం చాలనగానే కార్డు ఆ రెక్కను మూయిస్తుంది. చాలో చాలదో కార్డుకు చెప్పేది ఆ మొగ్గ ఒక్కటే. కాబట్టి కింద గడ్డకడుతోందంటే మూడే అనుమానాలు. రెక్క ఇరుక్కుపోయి ఉండాలి, సెన్సార్ అబద్ధం చెప్తుండాలి, లేదా కార్డుకే మతి పోయి ఉండాలి. మా కుర్రాడు మొదటిది చూడలేదు, రెండోది సగం చూశాడు, మూడోదానికి ధర చెప్పాడు.

ఆదివారం పనిలో దిగాను. పాలు, కూరలు పక్కింటి అక్క ఫ్రిజ్‌లో పెట్టి, ప్లగ్ తీసేసి, సెన్సార్‌ను బయటికి లాగాను. అమ్మ మాత్రం రంజన్‌లో, అదే మట్టికుండలో, నీళ్లు నింపుకొని, "మాకు దీంతోనే నడిచింది" అని ఒక మాట వేసింది.

ఈ సెన్సార్‌ను ఎన్‌టీసీ థర్మిస్టర్ అంటారు. దీని లెక్క తిరగబడి ఉంటుంది. చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఎక్కువగా కనిపించే 10కే రకం తీసుకుంటే, 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 36 దగ్గర 6 దాటి కొంచెం, 4 దగ్గర సుమారు 27, సున్నా దగ్గర సుమారు 33. కార్డు దాని గుండా కొద్దిపాటి కరెంటు పంపి, దాని మీద ఏర్పడే వోల్టేజీని బట్టి లోపల ఎంత ఉందో అంచనా వేసుకుంటుంది.

ఇంకో సంగతి. తీగ తెగితే రెసిస్టెన్స్ అంతులేకుండా పోతుంది, షార్ట్ అయితే సున్నాకు పడిపోతుంది. ఈ రెండూ కార్డు పసిగట్టి డిస్‌ప్లే మీద ఎర్రర్ చూపిస్తుంది. కానీ సెన్సార్ 33 చెప్పాల్సిన చోట 19 చెప్పిందనుకోండి, 19 కూడా నమ్మదగ్గ అంకే కదా. కార్డు నమ్మేస్తుంది. ఎర్రరూ రాదు, బీప్ కూడా కొట్టదు.

ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి చపాతీ కర్రతో కొట్టాను. పెద్ద ముక్కలుగా వేస్తే మధ్యలో నీళ్లు వెచ్చగా మిగిలిపోతాయి. స్టీలు గ్లాసు నిండా ఆ పొడి వేసి, సందులు నిండేటన్ని నీళ్లు మాత్రమే పోశాను. సెన్సార్‌ను పల్చటి కవర్‌లో పెట్టి, గాలి లేకుండా వేళ్లతో నొక్కి, తీగ దగ్గర దారంతో కట్టాను. నేరుగా ముంచితే ఆ నీళ్ల వల్లే తప్పు చూపించిందేమో అన్న అనుమానం తర్వాత పీడిస్తుంది. గ్లాసులో గుచ్చి, స్పూన్‌తో తిప్పుతూ కూర్చున్నాను.

మొదట మీటర్ 5.4. మెకానిక్ చూసిందీ దాదాపు ఇంతే. తర్వాత అంకె పాకడం మొదలైంది. 8, 11, 14. మా అబ్బాయి పక్కన కూర్చొని క్రికెట్ స్కోరు చదివినట్టు పైకి చదువుతున్నాడు. 17, 18, 18 దాటి నెమ్మదించింది. ఐదు నిమిషాలకు 19. ఇంకో ఐదు నిమిషాలు తిప్పినా 19 దాటలేదు. కాసేపటికి 18.8కు దిగింది. మీటర్ పుల్లల కొసల్ని రెండు చేతుల వేళ్లతో పట్టుకుంటే మన ఒళ్లు కూడా లెక్కలో కలిసి అంకె తగ్గుతుంది. అదేమో అని క్లిప్పులు పెట్టి మళ్లీ చూశాను. అదే 19.

33 ఉండాల్సిన చోట 19. ఏ డిగ్రీకి ఎన్ని ఓమ్‌లో చెప్పే 10కే సెన్సార్ పట్టికలో 19 ఎక్కడుందా అని చూస్తే 11 డిగ్రీల దగ్గర ఉంది. లోపల సున్నా ఉన్నప్పుడు మా సెన్సార్ కార్డుకు "11 ఉంది, ఇంకా చల్లబరుచు" అని చెప్తోంది. పాపం కార్డు ఆ మాట విని రాత్రింబగళ్లు రెక్క తెరిచి పెట్టింది.

మరి గది వేడిలో ఎందుకు బాగానే కనిపించింది? ఇది అర్థమవడానికి నాకు అరగంట పట్టింది. మొగ్గ చుట్టూ ఉన్న పూతలో ఎక్కడో సన్నటి చీలిక వచ్చి చెమ్మ లోపలికి చేరితే, రెండు తీగల మధ్య కరెంటుకు ఇంకో దొంగదారి ఏర్పడుతుంది. ఆ దారి ఓ 45 కిలో ఓమ్‌లు అనుకుందాం. హనుమకొండ చౌరస్తా ఖాళీగా ఉన్నప్పుడు పక్క గల్లీలోంచి ఎవరు పోతారు? చౌరస్తాలో బండ్లు ఆగిపోయినప్పుడే గల్లీకి గిరాకీ. ఎండలో సెన్సార్ అసలు దారి 6 కిలో ఓమ్‌లే, బాగా వెడల్పు. పక్కన 45 గల్లీ ఉన్నా లెక్క 6.2 నుంచి 5.4కు తగ్గుతుంది, అంతే. గది 36 బదులు 39 అన్నట్టు. చేతిలో పట్టుకొని చూసేవాడికి ఆ తేడా కనిపించదు. అదే చలిలో అసలు దారి 33కు ఇరుకైపోతే, సగం కరెంటు దాకా గల్లీలోంచే పోతుంది. 33 దారి పక్కన 45 దారి కూడా ఉంటే మొత్తం అడ్డు తగ్గి 19 అవుతుంది. గ్లాసులో చూసిన అంకె సరిగ్గా అదే.

కాబట్టి కుర్రాడు అబద్ధం చెప్పలేదు. అతని మీటర్‌లో కనిపించిందే చెప్పాడు. నాకు కోపం వచ్చింది కార్డు మాట అంత ధీమాగా చెప్పినందుకే.

అతనికి ఫోన్ చేసి 19 సంగతి చెప్పాను. "సెన్సార్ పోయిందనుకో అన్నా, కార్డు కూడా పోయి ఉంటది" అన్నాడు. దీనికి జవాబు కూడా బావే చెప్పాడు. సెన్సార్ చోట మామూలు రెసిస్టర్ పెడితే కార్డు బుద్ధి బయటపడుతుంది. చౌరస్తా దగ్గర ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అడిగాను. రెండు రూపాయలకు ఒకటి చొప్పున, ఎందుకైనా మంచిదని ఐదు తీసుకున్నాను. నారింజ, నారింజ, నారింజ, చివర బంగారు గీత. ఐటీఐలో రంగుల పట్టిక బట్టీ పట్టించిన సారు గుర్తొచ్చారు.

అక్కడే కొత్త సెన్సార్ కూడా అడిగితే, "5కేనా, 10కేనా?" అన్నాడు దుకాణాయన. చూడ్డానికి రెండూ కవలలే. 10కే ఉండాల్సిన చోట 5కే పెడితే, లోపల 4 డిగ్రీలున్నప్పుడు కార్డుకు 18 ఉన్నట్టు అనిపిస్తుంది. పాత రోగమే రెట్టింపై తిరిగొస్తుంది. మా పాతది గది వేడిలో 5.4 చూపించింది కాబట్టి అది 10కే కుటుంబమే. 5కే అయితే 3 దగ్గర ఉండేది. చెడిపోయిన సెన్సార్ కూడా తన ఇంటిపేరు చెప్పగలదన్నమాట. కొత్తదానికి 180 రూపాయలు.

ఇంటికొచ్చి ముందు రెసిస్టర్ పని చూశాను. ఫ్రిజ్ ప్లగ్ తీసే ఉంది. కనెక్టర్‌లో రెసిస్టర్ కాళ్లు దూర్చి, ఊడకుండా టేపు వేశాను. గాలి దారి మూత ఊడదీసి రెక్క కనిపించేలా పెట్టుకున్నాను. ఫ్యాన్ మూత లోపలి కరెంటు తీగల జోలికి పోలేదు. తలుపు తీసి ఉంటే ఫ్యాన్ ఆగిపోతుంది కాబట్టి తలుపు స్విచ్‌ను టేపుతో నొక్కిపెట్టి, ప్లగ్ పెట్టాను. కిర్రుమని రెక్క ఒకసారి పూర్తిగా తెరుచుకుంది, మూసుకుంది, మూసుకొనే ఉండిపోయింది. లోపల సున్నా ఉందని రెసిస్టర్ చెప్పింది, కార్డు నమ్మింది, రెక్క మూసింది. గది నిండా మే నెల వేడి ఉన్నా, తలుపు బార్లా తెరిచి ఉన్నా, పది నిమిషాలు కూర్చున్నా రెక్క కదల్లేదు. కార్డు బతికే ఉంది, రెక్క ఎక్కడా ఇరుక్కోలేదు. ఒక్క రెండు రూపాయల రెసిస్టర్‌తో మిగతా రెండు అనుమానాలూ తీరిపోయాయి.

కొత్త సెన్సార్‌ను కూడా ముందు అదే ఐసు గ్లాసులో ముంచాను. పాతదానికి చేసినట్టే కవర్, దారం, స్పూన్. 32.7 దగ్గర నిలిచింది. అప్పుడు పాతదాన్ని కూడా పక్కనే మళ్లీ గుచ్చాను. ఒకే గ్లాసు, ఒకే ఐసు, ఒకటి 32.7, ఇంకోటి 18.9. మా అబ్బాయి ఫోటో తీశాడు.

బిగించడం పెద్ద పనేం కాలేదు. మాకు అదృష్టం కొద్దీ కనెక్టర్ ఉంది. కొన్నింటిలో తీగలు నేరుగా గోడలోని ఫోమ్‌లోకి పోతాయట, వాటిని కోసి అతికించుకోవాలి. అలాంటి అతుకు దగ్గర మళ్లీ చెమ్మ చేరితే మళ్లీ దొంగదారే, అందుకని స్లీవ్ (వేడికి బిగుసుకునే చిన్న గొట్టం) వేసి సిలికాన్‌తో మూసేయాలి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ గ్యాస్‌కు మంట అంటుకుంటుంది. కాబట్టి లోపల లైటర్‌తో స్లీవ్ కాల్చే పని పెట్టుకోవద్దని బావ గట్టిగా చెప్పాడు. మాది కనెక్టరే కాబట్టి ఆ గొడవ రాలేదు. కనెక్టర్ పిన్నుల్ని పొడి బ్రష్‌తో తుడిచి, కొత్తది గుచ్చి, మొగ్గను పాతది ఉన్న గాడిలోనే కూర్చోబెట్టాను. జాలీ మూత పెట్టేటప్పుడు తీగ నలగకుండా చూసుకోవడానికే ఎక్కువ టైం పట్టింది.

ఉప్పునీళ్ల సీసా మళ్లీ మధ్య అరలో పెట్టాను. సెట్టింగ్ 3కు తెచ్చాను. ఆ రాత్రి మూడుసార్లు లేచి చూశాను, ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. పన్నెండింటికి 9. రెండున్నరకు 6. తెల్లారి ఐదింటికి 4. సాయంత్రానికీ 3, 4 మధ్యే. రెండు రోజుల తర్వాత అమ్మ కవ్వం పట్టుకొని కూర్చుంది. పెరుగు లొంగింది. అమ్మ ఏమీ అనలేదు. రంజన్ మాత్రం తీయలేదు.

వారానికి మెకానిక్ ఫోన్ చేశాడు. "అన్నా, కార్డు వచ్చింది. తీసుకొని రావాల్నా?"

వద్దన్నాను. జరిగిందంతా చెప్పాను. ఐసు గ్లాసు, 19, గల్లీ, నారింజ గీతలు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"అన్నా, ఆ రెండు సెన్సార్ల ఫోటో ఉందన్నవ్ కదా. సున్నాకు ఎంత ఉండాల్నో ఆ పట్టిక కూడా జర వాట్సాప్ చెయ్యి. కాజీపేటల ఇట్లాంటిదే ఇంకోటి ఉన్నది, దానికి కూడా కార్డే చెప్పొచ్చిన."